యాభై కిలోవాట్లు పదికి ఎలా దిగాయి: గంజాం తీరంలో ఒక పట్టణ మైదానం కేస్ స్టడీ

బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు వచ్చే దారిలో, ఒడిశా సరిహద్దు దాటకముందే, ఒక ఎన్‌ఏసీ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, అంటే చిన్న పట్టణ పాలక సంస్థ) చేతిలో ఉన్న మైదానం ఇది. పేరుతో పని లేదు. గంజాం, గజపతి జిల్లాల్లో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి, కొలతలూ అటూఇటూగా ఇవే. 400 మీటర్ల మొరం ట్రాక్, దాని లోపల సుమారు 10,000 చదరపు మీటర్ల గడ్డి, పడమటి వైపు రేకుల కప్పున్న ఒక గ్యాలరీ, దాని వెనక ఆఫీసు, డ్రెస్సింగ్ రూములు, జిమ్ కలిసిన శ్లాబు భవనం. నాలుగు ఫ్లడ్‌లైట్ స్తంభాలు, ఒక బోరు, ఒక డీజిల్ జనరేటర్. చలికాలంలో ఫుట్‌బాల్, క్రికెట్ టోర్నమెంట్లు జరుగుతాయి. మిగతా రోజుల్లో పొద్దున నడకకు వచ్చేవాళ్లు, సాయంత్రం పోలీసు, ఆర్మీ ఉద్యోగాల పరుగు పందేలకు తయారయ్యే కుర్రాళ్లు.

దీన్ని పర్యావరణహితంగా మార్చాలన్నప్పుడు మొదట బల్ల మీదికి వచ్చిన ప్రతిపాదనలో మూడు పనులున్నాయి. గ్యాలరీ కప్పు నిండా 50 కిలోవాట్ల సోలార్, గడ్డి తీసేసి సింథటిక్ టర్ఫ్, కప్పు మీది వాన నీటికి రెండు లక్షల లీటర్ల ట్యాంకు. మూడూ ప్రారంభోత్సవం ఫొటోల్లో బాగుంటాయి. చివరికి జరిగింది వేరు. సోలార్ పది కిలోవాట్లకు దిగి శ్లాబు భవనం మీదికి వెళ్లింది, గడ్డి గడ్డిగానే ఉంది, ట్యాంకు 20,000 లీటర్ల దగ్గర ఆగింది. డబ్బు లేక కుదించుకున్న పని కాదిది. వాడకం కొలిచి, ముందు దాన్ని తగ్గించి, ఆ తర్వాత అక్టోబరు తుపానుకు నిలిచేది ఏదని అడిగితే లెక్క ఇక్కడికే వస్తుంది.

ముందు మీటర్లు

మైదానం మొత్తానికి ఒకటే కరెంటు మీటరు ఉండేది, నీటికి అసలు లేదు. లైట్లకు, పంపుకు, భవనానికి మూడు సబ్ మీటర్లు, బోరు పైపు మీద ఒక వాటర్ మీటరు పెట్టడంతో పని మొదలైంది. ఈ నాలుగూ లేకుండా ఏ సలహాదారు ఏ అంకె చెప్పినా అది ఊహే.

లైట్లు: 2,000 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు 40. చోక్ తినే కరెంటు కూడా కలిపితే దాదాపు 85 కిలోవాట్లు. ఏడాదికి 60 రాత్రులు, రాత్రికి మూడు గంటల చొప్పున 15,300 యూనిట్లు. పంపు: గంటకు 15,000 లీటర్లు తోడే సబ్‌మెర్సిబుల్, 5.4 కిలోవాట్లు లాగుతుంది. రోజుకు ఆరు గంటలు, ఏడాదిలో 200 రోజులు అంటే 6,480 యూనిట్లు. భవనం 5,000 చిల్లర. మొత్తం 27,000 యూనిట్లకు కాస్త తక్కువ. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున వేసుకుంటే దాదాపు 19 టన్నులు.

ఇటు 50 కిలోవాట్ల సోలార్ ఈ తీరంలో ఏడాదికి 65,000 యూనిట్ల పైనే ఇస్తుంది. అంటే ఏమీ తగ్గించకముందే అది అవసరానికి రెండింతలకు పైన. ఆ అంకె కప్పు వైశాల్యం చూసి వేసింది, కరెంటు బిల్లు చూసి వేసింది కాదు. చిన్న ఊళ్ల మైదానాల్లో ఈ పద్ధతి మామూలైపోయింది. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం కప్పు మీద 2015లో 400 కిలోవాట్లు పెట్టారంటే అక్కడి వాడకం అలాంటిది. దాన్ని చూసి ఎనిమిదో వంతు మనమూ పెడదామనడం లెక్క కాదు.

లైట్లు: అసలు ఖర్చు జనరేటర్‌లో దాగింది

మెటల్ హాలైడ్ దీపానికి ఒక జబ్బుంది. కరెంటు రెప్పపాటు పోయినా ఆరిపోతుంది, మళ్లీ వెలగాలంటే చల్లారాలి, పది పదిహేను నిమిషాలు పడుతుంది. మ్యాచ్ మధ్యలో అలా జరిగితే గ్యాలరీలో గొడవే. అందుకని నిర్వాహకులు రాత్రి మ్యాచ్ అంటే మొదటి నుంచీ జనరేటర్ మీదే నడిపేవాళ్లు, లైన్‌లో కరెంటు ఉన్నా సరే. 85 కిలోవాట్ల లోడుకు గంటకు దాదాపు 24 లీటర్ల డీజిల్. లీటరుకు 2.68 కిలోల చొప్పున గంటకు 64 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇది కరెంటు బిల్లులో కనిపించదు, టోర్నమెంట్ ఖర్చుల్లో ‘డీజిల్’ అని ఒక గీతలో పోతుంది. ఎల్‌ఈడీకి మారినందువల్ల వచ్చిన మొదటి లాభం వాట్లు తగ్గడం కాదు. కరెంటు రాగానే దీపం వెలుగుతుంది కాబట్టి జనరేటర్ అక్కర్లేకుండా పోయింది. జనం బయటికి నడిచే దారుల్లో బ్యాటరీ దీపాలు విడిగా పెట్టారు.

ఎన్ని దీపాలు కావాలన్న లెక్క పాతవాటిని చూసి వేయకూడదు. జిల్లా స్థాయి పోటీలకు గడ్డి మీద 200 లక్స్ (చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత) చాలు, సాధనకు 75. పదివేల చదరపు మీటర్లకు 200 లక్స్ అంటే నేల మీద పడాల్సింది 20 లక్షల ల్యూమెన్ల వెలుగు. వెలుగులో అరవై శాతమే మైదానంలో పడుతుందనుకుని, దుమ్ముకూ వయసుకూ ఇరవై శాతం తీసేస్తే దీపాల నుంచి సుమారు 42 లక్షల ల్యూమెన్లు రావాలి. వాట్‌కు 130 ల్యూమెన్ల ఎల్‌ఈడీతో 32 కిలోవాట్లు. స్తంభానికి ఎనిమిది చొప్పున 1,000 వాట్ల దీపాలు 32.

ఇక్కడ డిమ్మింగ్ తప్పనిసరి. మూడు మెట్ల స్విచ్ పెట్టారు: మ్యాచ్‌కు 200 లక్స్, సాధనకు 75, నడకవాళ్లకు 25. సాధన రాత్రి లోడు 12 కిలోవాట్లే. అరవై రాత్రుల్లో పదిహేనే మ్యాచ్‌లు కాబట్టి ఏడాది లెక్క 3,060 యూనిట్లకు వచ్చింది, అంటే ఐదో వంతు. కాంట్రాక్ట్ డిమాండ్ (మనకింత లోడు కావాలని రాయించుకున్న అంకె) తగ్గించమని డిస్కంకు దరఖాస్తు పెట్టడం మాత్రం చాలా చోట్ల మర్చిపోతారు. లైట్లు వెలగని నెల కూడా డిమాండ్ చార్జీ పడుతూనే ఉంటుంది. దీపాలు మార్చి ఆ కాగితం పెట్టకపోతే సగం లాభం వదిలేసుకున్నట్టే.

ఎల్‌ఈడీలు పోయేది దీపం వల్ల కాదు, దానికి కరెంటు సర్ది పంపే పెట్టె, అంటే డ్రైవర్ వల్ల. డ్రైవర్ పోయేది ఎక్కువగా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వల్ల. నాలుగు తీగల త్రీఫేజ్ లైన్‌లో, ఒక్కో ఫేజ్ మీద కొన్ని దీపాలు వేస్తారు. ఉప్పు గాలికి స్తంభం అడుగు పెట్టెలో న్యూట్రల్ లగ్ (తీగ కొసను బిగించే తొడుగు) పచ్చగా చిలుముపట్టి వదులవుతుంది. న్యూట్రల్ తెగిన క్షణాన లోడు తక్కువున్న ఫేజ్ మీది దీపాలకు 230 వోల్టులు వెళ్లాల్సింది 400 దాకా ఎక్కుతుంది. ఆ వరుసంతా ఒక్క దెబ్బకు మాడిపోతుంది. సప్లయర్ ‘పిడుగు పడింది, వారంటీ లేదు’ అంటాడు. పెట్టె తెరిచి లగ్ చూస్తే నిజం తెలుస్తుంది: పిడుగైతే సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగు వోల్టేజీని మళ్లించే పరికరం) మీది రంగు కిటికీ ఎర్రబడి ఉంటుంది, న్యూట్రల్ అయితే ఆ కిటికీ చాలాసార్లు పచ్చగానే ఉండి లగ్ కింద నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఈ మైదానంలో తీసుకున్న జాగ్రత్తలు ఇవి: న్యూట్రల్ తీగ ఫేజ్ తీగంత మందం, తగరం పూత ఉన్న లగ్గులు, 270 వోల్టులు దాటితే తెంచేసే రిలే ప్రతి స్తంభానికి ఒకటి, 440 వోల్టులు తట్టుకునే డ్రైవర్లు. పిడుగుకు స్తంభం దగ్గర టైప్ 1, 2 కలిసిన ప్రొటెక్టర్ వేరే. డ్రైవర్లను పైన దీపం పక్కన కాక కింద, నేలకు మీటరున్నర ఎత్తున పెట్టెలో పెట్టారు. ఎక్కి దిగే పని తప్పింది. కిందికి తెస్తే తీగ పొడవు పెరిగి వోల్టేజీ పడిపోతుంది, కాబట్టి దానికి తగ్గ మందం ముందే లెక్కలో ఉండాలి.

తీసేసిన పాత దీపాల్లో పాదరసం ఉంటుంది. వాటిని పగలగొట్టి ఇనుము, అల్యూమినియం పాత సామానువాడికి అమ్మడం మామూలు. అలా కాకుండా అట్టపెట్టెల్లో సర్ది, నమోదైన ఈ-వేస్ట్ సంస్థకు ఇవ్వాలి. టెండరులోనే ఆ మాట రాస్తే కాంట్రాక్టరు తప్పించుకోలేడు.

ఈ జిల్లాకు ప్రత్యేకించి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలాదిగా గుడ్లు పెడతాయి. దాదాపు 45–50 రోజులకు పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి, సముద్రం మీది మెరుపును చూసుకుంటూ నీటివైపు నడుస్తాయి. ఊరి వెలుగు ఎక్కువైతే అటు తిరిగి చస్తాయి. ఈ మైదానం ఆ తీరానికి దూరం. ఛత్రపురం, గంజాం వైపు ఒడ్డుకు దగ్గరున్న మైదానాలు మాత్రం పిల్లలు వచ్చే వారాల్లో రాత్రి మ్యాచ్ పెట్టకూడదు. మిగతా రోజుల్లోనూ దీపానికి పైమూత ఉండి వెలుగు నేల మీదే పడాలి. ఆ మూత వల్ల పక్కిళ్లవాళ్లు హాయిగా పడుకుంటారు కూడా.

నీళ్లు

2016 ఏప్రిల్‌లో కరువు కారణంగా మహారాష్ట్రలో ఐపీఎల్ మ్యాచ్‌లు ఆపి బయటికి పంపమని బొంబాయి హైకోర్టు ఆదేశించినప్పుడు, మైదానం తాగే నీళ్ల మాట దేశమంతా చర్చకు వచ్చింది. గంజాంలో ఏడాదికి 1,250 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది కదా, మనకేం కరువని అనుకోవచ్చు. కానీ గడ్డికి నీళ్లు ఎక్కువగా కావలసింది మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా, అప్పుడు వాన ఉండదు. ఊరి బోర్లు అడుగంటేదీ అప్పుడే. తీరానికి దగ్గర కాబట్టి ఎక్కువ తోడితే ఉప్పునీరు లోపలికి జరుగుతుంది.

మే నెలలో ఇక్కడ ఆవిరైపోయే నీరు రోజుకు దాదాపు 6 మిల్లీమీటర్లు. గరిక జాతి గడ్డికి అందులో 70 శాతం ఇస్తే ఆడుకునే స్థితిలో ఉంటుంది, అంటే 4.2 మిల్లీమీటర్లు. పదివేల చదరపు మీటర్లకు 42,000 లీటర్లు. వాస్తవంగా పోస్తున్నది 90,000. రెండింతలు పోసినా గోల్ పోస్టుల దగ్గర గడ్డి ఎండిపోయేది, మధ్యలో నాచు పట్టేది.

‘నీళ్లు ఎక్కువైతే గడ్డేం చావదు గదా బాబూ, తక్కువైతేనే మాట పడాల’ అని మాలీ అనడంలో తప్పు లేదు. పైపు పట్టుకుని నిలబడే మనిషికి ఎక్కడ ఎంత పడిందో తెలిసే దారి లేదు. దానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒకే సైజు ప్లాస్టిక్ డబ్బాలు ముప్పై నలభై తెచ్చి, అయిదేసి మీటర్ల దూరంలో గళ్లుగా పెట్టి, స్ప్రింక్లర్ అరగంట తిప్పి, ఒక్కోదానిలో పడిన నీటిని కొలగ్లాసుతో కొలవాలి. అన్నింటికన్నా తక్కువ పడిన పావు వంతు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగిస్తే సమానత్వం శాతం వస్తుంది. 75 వస్తే బాగున్నట్టు, 55 కన్నా దిగితే ఎంత పోసినా కొన్ని చోట్ల ఎండుతుంది. గాలి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే అంకె అబద్ధం చెబుతుంది. సముద్రపు గాలి లేవకముందు, తెల్లవారుజామున చేయాలి. నీళ్లు పెట్టే వేళ కూడా అదే.

తక్కువ రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒత్తిడే. ఒకే పంపు మీద పన్నెండు స్ప్రింక్లర్లు తిప్పితే చివరివాటికి ఒత్తిడి చాలదు, చుక్కలు దగ్గర్లోనే పడిపోతాయి. మైదానాన్ని ఆరు జోన్లు చేసి ఒక్కో వాల్వ్ విడిగా నడిపారు. ట్రాక్ మూలల్లో ఎవరూ ఆడని 2,500 చదరపు మీటర్లకు నీళ్లు పూర్తిగా ఆపేశారు. అక్కడ గరిక వేసవిలో గోధుమరంగుకు తిరిగి, తొలకరికి మళ్లీ లేస్తుంది. ఇది చావడం కాదు, నిద్ర. ఈ మాట కమిటీకి ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి, లేకపోతే ఏప్రిల్‌లో ‘గడ్డి చంపేశారు’ అన్న ఫిర్యాదు ఖాయం.

మిగిలిన 7,500 చదరపు మీటర్లకు లెక్క: 4.2 మిల్లీమీటర్లను 0.75తో భాగిస్తే రోజుకు 5.6 మిల్లీమీటర్లు, అంటే 42,000 లీటర్లు. రోజూ కొంచెం పోయడం కాదు, రోజు విడిచి రోజు లోతుగా పోయాలి. ఇక్కడిది ఇసుక కలిసిన నేల, వేళ్లు ఆరంగుళాలు. ఆ లోతు పట్టి ఉంచే నీరు దాదాపు 18 మిల్లీమీటర్లు, అందులో సగం వాడేసరికి గడ్డికి మళ్లీ దాహం. అదే 9 మిల్లీమీటర్లు, రెండు రోజుల అవసరం. అందుకని మూడు జోన్లకు ఒక రోజు, మిగతా మూడింటికి మర్నాడు. పంపు నడక ఆరు గంటల నుంచి మూడు గంటల లోపుకు దిగింది, ఏడాదికి 3,000 యూనిట్లు. వేళ్లు తొమ్మిది అంగుళాలకు దిగేలా నేలకు రంధ్రాలు పొడిచి ఇసుక చల్లితే మూడు రోజులకోసారి పోసినా చాలు. ఏడాదికి రెండుసార్లు ఆ పని చేయాలి, జూన్‌లో ఒకసారి, అక్టోబరు వానలు తగ్గాక ఒకసారి.

టోర్నమెంట్ ముందు యూరియా బస్తాలు చల్లే అలవాటును కూడా ఇక్కడే ఆపాలి. వారం పచ్చగా మెరుస్తుంది, తర్వాత చాపలా మందం కట్టి, దానికింద బూజు. కోసిన గడ్డి ముక్కలను ఎత్తి పారేయకుండా మైదానం మీదే వదిలితే నత్రజనిలో కొంత తిరిగి నేలకే పోతుంది. ఒకేసారి మూడో వంతుకు మించి కోయకూడదు. పొడుగ్గా పెరిగాక కోస్తే ఆ ముక్కలు కుప్పలుగా పడి కింది గడ్డిని ఉడకబెడతాయి.

బోరు నీటి ఈసీని (ఉప్పదనం తెలిపే విద్యుత్ వాహకతను) నెలకోసారి చూసి పుస్తకంలో రాయాలి. మార్చి నుంచి మే దాకా అంకె వరుసగా పైకి పోతుంటే బోరు మీద భారం తగ్గించాలి, కొత్త బోరు వేయకూడదు. ఊరికి మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంటే గడ్డికి ఆ నీరే మొదట అడగాలి. ఇక్కడ అది లేదు. పక్కనే పాత చెరువుంది, జనవరి నుంచి మార్చి దాకా నీళ్లు అందులోంచి. చెరువు నీళ్లకు ఇసుక ఫిల్టరు, దాని తర్వాత 130 మైక్రాన్ల డిస్క్ ఫిల్టరు రెండూ ఉండాలి. ఒక్క డిస్క్ మీద వదిలేస్తే నాచు రెండు రోజుల్లో కూరుకుపోతుంది, పంపు నడుస్తున్నా స్ప్రింక్లర్ తిరగదు.

వాన నీళ్ల ట్యాంకు ఎందుకు చిన్నదయింది

గ్యాలరీ కప్పు 60 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 900 చదరపు మీటర్లు. 1,250 మిల్లీమీటర్ల వానలో పదో వంతు పోగా ఏడాదికి 10 లక్షల లీటర్లు. వినడానికి చాలా పెద్దది. గడ్డికి మేలో రోజుకు 42,000 లీటర్లు కావాలి కాబట్టి మొత్తం దాచగలిగినా 24 రోజులకే సరి. రెండు లక్షల లీటర్ల ట్యాంకు అయితే ఐదు రోజులకు కూడా రాదు. అందుకని కప్పు నీరు గడ్డికి కాదు, మరుగుదొడ్లకు. మామూలు రోజుల్లో 60 మందికి 30 లీటర్ల చొప్పున 1,800 లీటర్లు. 20,000 లీటర్లంటే పదకొండు రోజులు, వానాకాలంలో మళ్లీ మళ్లీ నిండుతుంది.

గంటకు 100 మిల్లీమీటర్ల వానకు 150 మి.మీ. పైపు ఒకటి 250 చదరపు మీటర్ల కప్పును దించుతుంది, లెక్కకు నాలుగు చాలు. తుపాను వానకు ఆరు వేశారు. మొదటి వాన మురికి వదిలించేందుకు 1,500 లీటర్ల ట్యాంకు ఒకటి ముందు పెట్టారు. దాని అడుగున అయిదు మి.మీ. రంధ్రం, వాన ఆగాక అది నెమ్మదిగా ఖాళీ అవ్వాలి. పావురాల ఈకలు, ఎండుటాకులు ఆ రంధ్రంలో ఇరుక్కుంటే ఖాళీ అవ్వదు, తర్వాతి వాన మురికంతా నేరుగా మంచి ట్యాంకులోకి. పైన జాలీ పెట్టడం ఎంత ముఖ్యమో, నెలకోసారి ఆ రంధ్రంలో తీగ గుచ్చడం అంత ముఖ్యం.

ఇంకుడు గుంతలు తవ్వలేదు. వానాకాలంలో ఇక్కడ భూగర్భ జలం మూడు మీటర్ల లోపే ఉంటుంది. అప్పుడు గుంతలో పోసిన నీరు దిగదు, దోమలు పెరుగుతాయి. పథకంలో ఉంది కదా అని తవ్వే గుంతలు చాలా వాటి గతి ఇదే.

మైదానం మీద పడే నీటి సంగతి వేరు. 100 మిల్లీమీటర్ల వాన పడితే పదివేల చదరపు మీటర్ల మీద 10 లక్షల లీటర్లు ఒక్క రోజులో. మధ్య నుంచి అంచులకు వందకు ఒకటి వాలు, అంచున కాలువ, కాలువ చివర ఒండ్రు తొట్టి, అక్కడి నుంచి చెరువు. బాగా నిలిచే రెండు గోల్ ముందు భాగాల్లో మాత్రం నేల కింద గొట్టాలు: ఒక అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కందకాలు ఆరేసి మీటర్లకు, 100 మి.మీ. చిల్లుల పైపు, 20 మి.మీ. కంకర, పైన ముతక ఇసుక. పైపుకు నేరుగా గుడ్డ చుట్టకూడదు, సన్నని ఒండ్రు దానికే పట్టి రెండేళ్లలో మూసుకుపోతుంది. గుడ్డ కందకం గోడకు వేయాలి.

సోలార్, గాలి

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. ఈ రెంటినీ చూసిన ఊళ్లో కప్పు మీద ఏది పెట్టాలన్నా ముందు గాలి లెక్క వేయాలి. గాలి భారాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఈ తీరానికి మూల వేగం సెకనుకు 50 మీటర్లు. ఒత్తిడి సూత్రం సులువు: వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, దాదాపు 150 కిలోల బరువు. 540 వాట్ల ప్యానెల్ ఒకటి 2.58 చదరపు మీటర్లు. అంటే ప్యానెల్‌ను పైకి లాగే బలం 390 కిలోల పైమాట. దాని సొంత బరువు 30 కిలోలు. కప్పు అంచుల్లో, మూలల్లో ఈ లాగుడు రెట్టింపు అవుతుంది.

తుపాను తర్వాత సహాయ సామగ్రి దించే చోటు ఈ మైదానమే కాబట్టి తుపాను ప్రాముఖ్య గుణకం 1.30 వేశారు. అది వేగానికి. ఒత్తిడికి వర్గం చేస్తే 1.69 రెట్లు, ప్యానెల్‌కు 660 కిలోలు దాటుతుంది. గ్యాలరీ కప్పు ముందు తెరిచి ఉంటుంది. గాలి కింద నిండి పైకి నెడుతుంది, పైన దూసుకుపోతూ లాగుతుంది. ఆ రేకుల దూలాలు రేకుల కోసం కట్టినవి, హుక్ బోల్టులతో పట్టి ఉన్నవి. వాటి మీద ప్యానెల్ బిగించి పెట్టడమంటే గాలిపటానికి తోక కట్టడమే. లేస్తే ప్యానెల్ ఒక్కటే లేవదు, రేకు కూడా వెంట పోతుంది.

ఇక్కడే తగ్గింపు లెక్క అక్కరకొచ్చింది. లైట్లు 3,060, పంపు 3,000, భవనం 5,000 కలిపి ఏడాదికి 11,000 యూనిట్లు. ఈ తీరంలో కిలోవాట్‌కు ఏడాదికి 1,350 యూనిట్లు వేసుకుంటే ఎనిమిది కిలోవాట్లకు పైన కొంచెం. దుమ్ముకు, ప్యానెళ్ల వయసుకు కలిపి పది. అంటే 19 ప్యానెళ్లు. అవి శ్లాబు భవనం మీద హాయిగా పడతాయి, గ్యాలరీ కప్పును ముట్టుకోనక్కర్లేదు.

శ్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పెట్టి బరువుతో ఆపుతామని సప్లయర్లు అంటారు. ప్యానెల్‌కు 660 కిలోల చొప్పున 19 ప్యానెళ్లకు పన్నెండున్నర టన్నులు. పాత శ్లాబు మీద అంత మోపడం కుదరదు. అందుకని దూలాల గీత మీదనే రంధ్రాలు వేసి 12 మి.మీ. రసాయన యాంకర్లు, శ్లాబు మధ్యలో ఒక్కటీ లేదు. రంధ్రంలోని పొడి ఊది, బ్రష్ వేసి, మళ్లీ ఊదకుండా జిగురు నింపితే అది దుమ్మునే పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. లాగితే గొట్టంలా ఊడి వస్తుంది. బిగించాక నమూనాకు కొన్నింటిని జాక్‌తో లాగి చూడాలి, కాంట్రాక్టరు సర్టిఫికెట్ చాలదు.

ప్యానెల్ వాలు 19 డిగ్రీలు ఉండాలి, ఈ అక్షాంశానికి అదే లెక్క. పది డిగ్రీలకే ఆపారు. ఉత్పత్తి కొద్దిగా తగ్గుతుంది, గాలి పట్టు చాలా తగ్గుతుంది. ప్యానెల్ అంచును పట్టే క్లాంపులతో ఆగకుండా, ఫ్రేము అడుగు రంధ్రాల్లోంచి నేరుగా బోల్టు. గాలికి అద్దం వంగినప్పుడు అంచు క్లాంపు నుంచి జారిపోవడమే తుపానుల్లో ప్యానెళ్లు ఎగరడానికి మొదటి కారణం. ఒకటి వదిలితే పక్కదాని క్లాంపు సగం ఖాళీ అవుతుంది, వరుసంతా పోతుంది. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్, చట్రం 80 మైక్రాన్ల జింకు పూత. కోసిన చోట, రంధ్రం వేసిన చోట పూత పోతుంది కాబట్టి జింకు పెయింట్ మళ్లీ పూయాలి, లేకపోతే రెండో ఏడుకే ఎర్రగా కారుతుంది.

పంపు పగలు సోలార్ మీద నడిచి గడ్డి నీళ్ల ట్యాంకు నింపుతుంది, స్ప్రింక్లర్లు తెల్లవారుజామున చిన్న పంపు మీద తిరుగుతాయి. దాని కరెంటు, రాత్రి లైట్ల కరెంటు నెట్ మీటరింగ్‌లో, అంటే పగలు గ్రిడ్‌కు ఇచ్చిన మిగులు యూనిట్లతో సర్దుబాటు.

సింథటిక్ టర్ఫ్ మాట

నీళ్లు అక్కర్లేదన్నది దాని బలం. మే ఎండలో ఆ ప్లాస్టిక్ పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం నాలుగుకు పరుగుకు వచ్చే కుర్రాడికి అది పెనమే, చల్లబరచాలంటే మళ్లీ నీళ్లే చల్లాలి. అడుగున నింపే రబ్బరు గుళికలు వానకు కొట్టుకుపోతాయి, ఈ మైదానంలో కాలువ నేరుగా చెరువులోకి పోతుంది. యూరోపియన్ యూనియన్ 2023లో అలాంటి గుళికలను ఎనిమిదేళ్ల గడువు ఇచ్చి నిషేధించింది. ఎనిమిది పదేళ్లకు చాప చిరిగాక దాన్ని ఎక్కడ పారేయాలన్నదానికి జిల్లాలో జవాబు లేదు. రోజుకు ఎనిమిది పది గంటలు వాడే నగర మైదానానికి దాని లెక్క వేరు కావచ్చు. ఇక్కడ గరిక చాలు.

జనం వచ్చిన రోజు

అయిదు వేల మంది వచ్చిన ఫైనల్ రోజున చెత్త మూడు రకాలు: నీళ్ల సీసాలు, తిండి ప్లేట్లు, జెండాలు బ్యానర్లు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు నిషేధం. నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు, అందుకే మైదానంలో ఎక్కువ మిగిలేవి అవే. దానికి మందు కుళాయిలు. మనిషికి లీటరు చొప్పున 5,000 లీటర్లు, ఇరవై కుళాయిలు, విరామంలో తోపులాట లేకుండా గ్యాలరీ రెండు చివర్లా సగం సగం. నీటి టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 500 లోపుంటే ఆర్‌ఓ వద్దు, అది తాగే నీటికన్నా పారబోసేదే ఎక్కువ చేస్తుంది. ఫిల్టరు, యూవీ చాలు.

గుప్‌చుప్ (పానీపూరీ), బరా (వడ), మిక్చర్ బళ్లవాళ్లకు అడ్డాకుల దొన్నెలు, విస్తళ్లు కమిటీయే కొని ఇచ్చి, బండి ఫీజులో ఆ డబ్బు కలిపింది. గజపతి, రాయగడ కొండల నుంచి ఇవి ఇక్కడికి మామూలుగానే వస్తాయి. బళ్లవాళ్లను తెచ్చుకోమంటే పైన సన్నని ప్లాస్టిక్ పొర ఉన్న వెండి రంగు కాగితం ప్లేట్లు తెస్తారు. చించి చూస్తే పొర సాగుతూ తెలుస్తుంది, అవి ఎరువు కుప్పలో ఏడాదైనా అలాగే ఉంటాయి. ఆకులను ఎండు కొబ్బరి పీచు పొట్టుతో, కోసిన గడ్డితో కలిపి గుంతలో వేస్తారు. పచ్చిది ఒక వంతు, ఎండుది రెండు వంతులు. వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో ఎరువు. దుర్వాసన వస్తే పచ్చిది ఎక్కువైనట్టు, వేడెక్కకపోతే నీళ్లు తక్కువైనట్టు.

పార్కింగ్ వైపు చెట్లు కానుగ, వేప. తురాయి పూస్తే అందమే గానీ కొమ్మ పెళుసు, స్తంభాల దగ్గర, తీగల దగ్గర పెట్టకూడదు. నీళ్లు లేని మూత్రశాలలు కూడా ప్రతిపాదనలో ఉండేవి. వాటి గొట్టాల్లో వాసన ఆపే బిళ్లలు సమయానికి మార్చేవాళ్లు లేనిచోట రెండో నెలకే ఎవరూ లోపలికి వెళ్లరు కాబట్టి, నొక్కుడు కుళాయిలతో సరిపెట్టారు.

ఏటా సెప్టెంబరు పని

ఈ మైదానానికి ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది. ప్యానెల్ బోల్టులన్నీ కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించి రంగు గీత పెట్టాలి. మరుసటి ఏడు గీత తప్పినవి వదులైనవని చూడగానే తెలుస్తుంది. ఫ్లడ్‌లైట్ స్తంభాల పెట్టెలు తెరిచి న్యూట్రల్ లగ్గులు తుడిచి బిగించాలి, ఎర్తింగ్ నిరోధం కొలవాలి. కప్పు హుక్ బోల్టుల వాషర్లు ఎండకు పెళుసుబారి ఉంటే మార్చాలి. కాలువలో, ఒండ్రు తొట్టిలో పేరుకున్న మట్టి తీయాలి. స్తంభాల మీదికి వంగిన కొమ్మలు కొట్టాలి. తుపాను హెచ్చరిక వచ్చాక చేయాల్సినవి మూడే: సోలార్ ఇన్వర్టర్ రెండు వైపులా ఆఫ్ చేయడం, బ్యానర్లు, షామియానా గుడ్డలు దించేయడం, ట్యాంకులు నిండుగా ఉంచడం. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి లేస్తుంది, నిండుది లేవదు. పైగా తుపాను దాటాక కరెంటు రావడానికి పట్టే రోజుల్లో ఊరివాళ్లు బిందెలు పట్టుకుని వచ్చేది ఆ నీళ్లకే.